అకారము, చంద్రబింబము

పూర్వము మన వీధిబడులలో బిడ్డలకు అక్షరాభ్యాసము చేయించునపుడు "ఓం నమః శివాయ సిద్ధం నమః" అని దిద్దించుట ఆచారము. ఆ పిమ్మటనే అకారము. ఈ "సిద్ధం" అను మాట సముద్రములు దాఁటి జపాను దేశమునఁ గూడ నిలిచియున్నదని విన్నచో మన సోదరీమణులకు వింతగాఁ దోఁపవచ్చును. అచ్చటి బౌద్ధాలయములలో మంత్రములను వ్రాయు ప్రాచీన భారతీయలిపికి సిద్ధమ్ అనియే పేరు. వర్ణమాలకుఁ దలకట్టుగా ఆ శుభశబ్దమును వ్రాయుటచే ఆ పేరు కలిగెను. జపానువారు తమ అక్షరములను అ, ఇ, ఉ, ఎ, ఒ అనియు, క, స, త, న అనియు వల్లించు క్రమమునకును ఈ లిపిపఠనమే మూలము.

ఆ దేశమున షింగోన్ అను బౌద్ధశాఖ కలదు. షింగోన్ అనఁగా సత్యవాక్కు. మన మంత్రశబ్దమునకు వారి పర్యాయము. దీనిని నెలకొల్పినవాఁడు కూకై (774–835). ఇతఁడు 804లో ఓడనెక్కి చీనాకుఁ బోయి, చాంగాన్ నగరమున హుయిగువో అను ఆచార్యుని సేవించి, ప్రజ్ఞుఁడను భారతీయ భిక్షువు నొద్ద సంస్కృతము నేర్చి, 806లో మరలివచ్చెను. 816లో చక్రవర్తి యనుమతితో కోయా పర్వతముపై ఆశ్రమమును స్థాపించెను. ఈ శాఖవారి గురుపరంపరలో నాగార్జునుఁడు గలఁడు. అతఁడు దక్షిణభారతమున ఒక యినుపస్తూపమును తెఱచి ఈ విద్యను గ్రహించెనని వారి ఐతిహ్యము. అతఁడు మన కృష్ణాతీరముతో పేరు ముడివడిన నాగార్జునుఁడేనా యను విషయమునఁ బండితులలో భిన్నాభిప్రాయములు గలవు.

ఈ శాఖవారి ధ్యానములలో సులభమని పేర్కొనఁబడునది "అజికన్", అనఁగా అకారధ్యానము. దాని విధానమును సంగ్రహముగాఁ జెప్పెదము. గోడపై నొక పటము వ్రేలాడుచుండును. అందు ఎనిమిది రేకుల తెల్లదామర, చంద్రమండలము, ఆ మండలమధ్యమున సిద్ధలిపిలో బంగారువన్నె అకారము. చంద్రుని వెడల్పు మూరెడు. సాధకుఁడు దానియెదుటఁ గూర్చుండి, కన్నులు అరమోడ్చి, ఊపిరులను లెక్కించుచు మనస్సును కుదుటఁబఱచును. పిదప విడుచు ప్రతి శ్వాసతోను "ఆ" యని మెల్లగా నుచ్చరించును. చూచి చూచి, కన్నులు మూసినను ఆ చంద్రుఁడు కానవచ్చినపుడు, వానిని తన హృదయమునకుఁ దెచ్చుకొనును. అచ్చట వానిని పెంచును: గదియంత, ఊరంత, ఆకాశమంత. తుదకు తానును చంద్రుఁడును వేఱుగాని స్థితిలోఁ గొంతసేపు నిలిచి, మరల మెల్లమెల్లగాఁ గుదించి హృదయమున నిలుపుకొనును. లేచుటకు ముందు చేతులతోఁ దల మొదలు మోఁకాళ్ళవఱకు ఒడలిని నిమురుకొనును. పోయినవాఁడు మరల తన యింటికి వచ్చుట ఈ సాధనలో ముఖ్యాంగము.

అకారమే యేల? హల్లులన్నిటియందును దాఁగియుండు అచ్చు అదియే. సంస్కృతమున నిషేధార్థమునిచ్చునదియు నదియే. కావున "అనుత్పాదము", అనఁగా పుట్టుకలేని మూలతత్త్వము, అను భావమునకు దానిని గుర్తుగా నిలిపిరి. అక్షరములలోఁ దాను అకారమని గీతాచార్యుఁడు చెప్పినది యెఱిఁగిన మనకు ఈ భావము పరాయిది కాదు.

ఈ మనోరూపసాధన దేవాలయమునకే పరిమితము కాలేదు. కూకై స్వయముగా లిపికళయందు ఆ కాలపు ముగ్గురు మేటులలో నొకఁడు. నో అను నాటకకళకు ఆచార్యుఁడైన జెఆమి షింగోన్ వాఁడు కాఁడు. జెన్ మతసంపర్కము గలవాఁడు. జెన్ గురువులు ధ్యానమునఁ దోఁచు రూపములను పట్టుకొనవలదని బోధింతురు. ఐనను అతఁడు 1424లో రచించిన "కక్యో" అను గ్రంథమున, నటుఁడు సభాసదుల కన్నులతోఁ దన్నుఁ జూచుకొనవలెననియు, తనకుఁ గనఁబడని తన వీఁపును సైతము మనోనేత్రముచే దర్శింపవలెననియు నుపదేశించెను. నేఁటికిని నో నటుఁడు రంగమునకుఁ బోవుటకు ముందు అద్దపుగదిలో ముసుగుమొగము ధరించి, దర్పణమునందలి ఆ రూపమును నిశ్చలముగా వీక్షించును. ఆ మొగమునకుఁ గల రంధ్రములు మిక్కిలి చిన్నవి. పిదప అతనికి దారిచూపునది చాలవఱకు లోపలిచూపే.

ఇంతవఱకు కొనియాడితిమి. స్త్రీలము గనుక మఱియొక సంగతిని విడువఁజాలము. కోయా పర్వతముపై స్త్రీలకు వేయియేండ్లకుఁ బైఁగా ప్రవేశము లేకుండెను. వారు కొండచుట్టునుగల "న్యోనిన్‌దో" అను స్త్రీల మందిరములవఱకే పోఁగలిగిరి. ఏడు మందిరములుండఁగా నేఁడు ఒక్కటి మిగిలినది. కూకైని గన్నతల్లియు కొండపాదమున జిసొన్-ఇన్ అను చోటనే నివసించెననియు, కుమారుఁడు నెలకుఁ దొమ్మిదిమాఱులు దిగివచ్చి యామెను దర్శించెననియుఁ జెప్పుదురు. ఆ యూరి పేరు కుదొయామా; అందు తొమ్మిదియను సంఖ్య నేఁటికిని నిలిచియున్నది. 1872లో ప్రభుత్వము ఈ నిషేధమును రద్దుచేసెను. ఐనను పర్వతముపై స్త్రీలు నివసించుటకు ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళకుఁ గాని పూర్తిగా నవకాశము కలుగలేదు. నేఁడు ఎల్లరును పోవచ్చును. అచ్చటి ఆలయములలో యాత్రికులకు అజికన్ నేర్పుచున్నారు.

హృదయమునఁ జంద్రుని నిలుపుకొనుటకు కొండ యెక్క నక్కఱలేదు గదా యని కొందఱనవచ్చును. నిజమే. కాని ఆ మాట ద్వారము మూసినవానికి సమర్థన కారాదు. విద్య గురుముఖమున నేర్వవలసినది. గురువున్న చోటికిఁ బోనీయక, నీ హృదయముననే వెదకుకొమ్మనుట అన్యాయము. ఆ మందిరములలో రాత్రులు గడపి, పైకిఁ బోలేక, చెట్లనడుమ నున్న ఆలయములను మనస్సుననే భావించి మరలిన తల్లులెందఱో! వారి సాధనను వ్రాసిపెట్టినవారు లేరు.

సంసారభారమున నున్న మనకు ఇంత తీఱిక యేదియని యడుగువారుందురు. పూర్ణవిధిని గురువులేక చేపట్టుట తగదనియే మా యభిప్రాయము. వింతదర్శనములకై తహతహపడుట అంతకంటెను తగదు. కాని పిల్లలు నిద్రించిన పిమ్మట పూర్ణిమనాఁటి చంద్రుని కొంతసేపు నిదానముగాఁ జూచి, కన్నులు మూసి, ఆ వెలుఁగును లోపల నిలుపుకొనుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు. పిదప ఒడలు నిమురుకొని లేచి, మరునాఁటి పప్పు నానఁబోసికొనవచ్చును. జపానువారు బోధించు మరలివచ్చుటయు నిదియే.