సూదికి సాక్ష్యముంది, సెగకు లేదు

వయసు మళ్లినవారి మలబద్ధకాన్ని ఇంట్లో ఎవరూ జబ్బుగా లెక్కచేయరు. రాత్రి గ్లాసుడు నీళ్లలో ఇసబ్గోల్, లేదంటే సునాముఖి పొడి. అవీ పనిచేయకపోతే ఓర్చుకోవడమే. ఆ విసుగులోంచే సూదుల వైద్యం మీద ఆశ పుడుతుంది. పామర్రు నుంచి విజయవాడ వెళ్లి ఆక్యుపంక్చర్ చేయించుకుందామా అనుకునే పెద్దలకు నా మాట: సూదిని కొట్టిపారేయకండి, అలాగని ముందుగా దాని దగ్గరికే పోకండి. 1938లో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్‌తో కలిసి భారతీయ వైద్య బృందంలో చైనా వెళ్లిన డాక్టర్ బసు 1959లో మన దేశంలో, కలకత్తాలో మొదలుపెట్టిన చైనా వైద్యమిది. దాన్ని తూచాల్సింది మాత్రం పరీక్షలతోనే.

అలాంటి పెద్ద పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాయి. చైనాలోని 15 ఆసుపత్రుల్లో, తీవ్రమైన మలబద్ధకం ఏళ్లతరబడి వేధిస్తున్న 1,075 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు పొట్ట మీదా కాళ్ల మీదా నిర్ణీత స్థానాల్లో సూదులు గుచ్చి స్వల్పంగా విద్యుత్తు పంపారు; రెండో జట్టుకు ఆ స్థానాలు కాని చోట పైపైన గుచ్చారు. కడుపు పూర్తిగా ఖాళీ అయిందనిపించే విరేచనాలు వారానికి సగటున మొదటి జట్టులో 1.76, రెండో జట్టులో 0.87 పెరిగాయి. నమ్మకం చేసే మేలు ఉంది, నిజమే. దాన్ని తీసేసినా ఇంకా మేలు మిగిలింది. చికిత్స ఆపాక 12 వారాలపాటు ఆ తేడా నిలిచింది. ఇదంతా భ్రమేననేవారు జవాబు చెప్పాల్సింది దీనికి.

అయితే ఆ రోగుల సగటు వయసు 50 లోపే. పైగా 8 వారాల్లో 28 సార్లు వెళ్లాలి. మోకాళ్ల నొప్పులతో బస్సెక్కే మనిషికి అది చిన్న మాట కాదు. అంతకంటే ముందు మందుల చీటీ డాక్టరుకు చూపించాలి: ఐరన్ మాత్రలు, నొప్పికి వాడే ట్రమడాల్, వెరాపమిల్ వంటి బీపీ మాత్రలు మలబద్ధకం తెస్తాయి.

సూదులతోపాటు వినిపించే సెగ వైద్యం సంగతి వేరు. మాక్సిబషన్ అనే ఆ పద్ధతిలో మన వినాయక చవితి పత్రిలోని మాచిపత్రి జాతి ఆకునే ఎండబెట్టి, చుట్టలా చేసి, వెలిగించి ఒంటికి దగ్గరగా పెడతారు. మనకు తెలిసిన ఆకే కదా అని నమ్మబుద్ధేస్తుంది. కానీ మలబద్ధకానికి దీని ఉపయోగాన్ని 2010లో సమీక్షించినవారికి లెక్కలోకి తీసుకోదగ్గ పరీక్షలు మూడే దొరికాయి, వాటిలోనూ లోపాలే ఎక్కువ. సహజమైనది కాబట్టి హాని లేదనడమూ పొరపాటే; షుగరు వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారికి చర్మం కాలుతున్నా తెలియదు.

2019లో కేంద్ర ఆరోగ్యశాఖ ఆక్యుపంక్చర్‌ను గుర్తించింది గానీ, గుచ్చే ప్రతి చేతికీ అది హామీ కాదు. ఏం చదివారో అడగండి, సూదులు కొత్త ప్యాకెట్‌లోంచి తీస్తున్నారో లేదో చూడండి, రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పండి. మలబద్ధకం ఈమధ్యే మొదలైనా, మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, సూదుల మాట పక్కనపెట్టి పెద్దపేగు పరీక్ష చేయించాలి.