సారు పాఠం మనది, సారు ఇల్లు మనది కాదు

మా అలంపూర్ లాంటి ఊళ్లో సారు అంటే సగం ఊరి ఆస్తి. ఎక్కడ అద్దెకుంటున్నాడు, భార్యతో ఎందుకు పొసగట్లేదు, మేడమ్ అయితే ఇంకా పెళ్లెందుకు కాలేదు... చౌరస్తా టీకొట్టు దగ్గర అన్నీ చర్చకొస్తాయి. ఇప్పుడా టీకొట్టు వాట్సాప్‌లోకి మారింది. యూనివర్సిటీ ప్రొఫెసర్లకైతే ఈ బెడద ఇంకా ఎక్కువ. "పదిమందికి చెప్పేవాళ్లు, వాళ్ల బతుకు మనకు తెలియొద్దా?" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఇది ఎక్కడిదాకా పోతుందో చూడండి.

2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో వరవరరావును అరెస్టు చేసిన రోజే, ఆయన అల్లుడు, హైదరాబాద్ ఇఫ్లూ ప్రొఫెసర్ కె. సత్యనారాయణ ఇంట్లో పుణె పోలీసులు సోదా చేశారు. ఇన్ని పుస్తకాలెందుకు, దేవుళ్ల పటాలకు బదులు ఫూలే, అంబేడ్కర్ ఫొటోలెందుకు అని అడిగారని ఆయన విలేఖరులకు చెప్పారు. సిందూరం, నగలు ఎందుకు పెట్టుకోలేదని తన భార్యను కూడా అడిగారట. గోడమీది పటానికీ దర్యాప్తుకీ ఏం సంబంధం?

అంతకుముందు 2010లో అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీలో మరాఠీ చెప్పే రామచంద్ర సిరాస్ ఇంట్లోకి కొందరు కెమెరాతో చొరబడ్డారు. మరో మగమనిషితో ఆయన ఏకాంతంగా ఉన్నప్పుడు వీడియో తీశారు. చొరబాటు జరిగింది ఆయన ఇంట్లో, సస్పెండయిందీ ఆయనే! ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు సస్పెన్షన్‌పై స్టే ఇచ్చింది. వారం తిరక్కుండానే, ఏప్రిల్ 7న ఆయన ఇంట్లో శవమై కనిపించారు. 'అలీగఢ్' సినిమా ఆయన కథే.

ఈ విషయంలో మన తెలుగువాడి మాట ఒకటి గుర్తుచేసుకోవాలి. 1962లో ఖరక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మెజారిటీ జడ్జీలు గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. రాజమండ్రికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు మాత్రం ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయరాని భాగమని వేరే తీర్పు రాశారు. 55 ఏళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చారు.

మరి ప్రొఫెసర్ ఏం చేసినా అడగొద్దా? అలా కాదు. పీహెచ్‌డీ గైడు తన విద్యార్థినిని వేధిస్తే అది 'సారు పర్సనల్ మేటర్' కానే కాదు. కులం చూసి మార్కులేస్తే కాదు, ప్రాజెక్టు డబ్బులు మింగినా కాదు. విద్యార్థి భవిష్యత్తు ఆయన చేతిలో ఉంటుంది కాబట్టి అక్కడ జవాబు చెప్పి తీరాలి. వేధింపుల మీద 2013 చట్టం ఉంది, యూనివర్సిటీల్లో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. విచారణలో ఉన్న ఇరుపక్షాల వివరాలూ బయటపెట్టకూడదని ఆ చట్టమే చెబుతోంది. అంటే నిజమైన తప్పు విషయంలో కూడా వీధి పంచాయితీ వద్దనే కదా!

నేను సాఫ్ట్‌వేర్ పనిచేసేవాణ్ని. మా దగ్గర ఎవరి పనికి ఏ డేటా అవసరమో అంతవరకే యాక్సెస్ ఇవ్వాలన్నది మొదటి సూత్రం. విద్యార్థికి కావలసింది సారు పాఠం, దిద్దిన పేపరు, తనతో ఆయన నడవడిక. ఆయన ఎవరితో ఉంటున్నాడు, ఏ దేవుణ్ని మొక్కుతాడు అన్నవి ఆ లిస్టులో లేవు.

తమ జీవితం తామే చెప్పుకునేవాళ్లూ ఉంటారు. మా అలంపూర్ పండితుడు గడియారం రామకృష్ణశర్మ 'శతపత్రము' పేరుతో ఆత్మకథ రాశారు. ఆయన పోయాక 2007లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఏది చెప్పాలో, ఏది దాచుకోవాలో ఆయనే తేల్చుకున్నారు. కిటికీలోంచి తొంగిచూసి ఎవరో రాసింది కాదది.

రేపు మీ గ్రూపులోకి ఏ సారుదో, మేడమ్‌దో వీడియో వస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇందులో ఎవరికైనా అన్యాయం జరిగిందా? జరిగితే బాధితులు ఫిర్యాదు చేసేందుకు తోడుండండి. లేకపోతే డిలీట్ కొట్టండి, ఫార్వర్డ్ మాత్రం చేయకండి.