వృద్ధాశ్రమ సేవలో ఛాయాచిత్ర మర్యాద

పుట్టినరోజున, పెద్దల తిథినాడు వృద్ధాశ్రమాలలో అన్నదానం చేసే భక్తులెందరో ఉన్నారు. అది పుణ్యకార్యం. అయితే ఒక్కొక్కచోట వడ్డన ముగియకముందే పెద్దల ముఖాలు వాట్సాప్, ఫేస్‌బుక్‌లకు చేరుతున్నాయి.

విస్తరి ముందు కూర్చున్నవారిని ‘ఫొటో తీయవచ్చునా?’ అని అడిగితే కాదనడం కష్టం. అన్నం పెట్టిన చేతిపట్ల కలిగే మొహమాటం సమ్మతి కాదు. తాము ఆశ్రమంలో ఉన్నట్లు బంధువులకు తెలియరాదని కోరుకునేవారూ ఉంటారు.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. ఆ వ్యాజ్యం వేసిన విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి అప్పటికే తొంభై ఏళ్లు దాటిన వృద్ధులు. వయసు మీరినా, ఆశ్రమంలో చేరినా ఈ హక్కు తొలగిపోదు.

కనుక వడ్డనకు ముందే, నిర్వాహకుల ద్వారా, ఒక్కొక్కరినీ విడిగా అడగాలి. చిత్రాన్ని ఎక్కడ, ఎవరికి చూపుతారో చెప్పాలి. జ్ఞాపకశక్తి క్షీణించినవారి ముఖాలు తీయరాదు. మందులు, మంచాలు, పేర్ల పట్టికలు కనబడరాదు. పిదప వద్దన్నా వెంటనే తొలగించాలి. అయినా ఇతరుల ఫోన్లకు చేరిన చిత్రాన్ని వెనక్కి రప్పించడం మన చేతిలో ఉండదు. సేవకు గుర్తు కావాలంటే వడ్డించిన విస్తరి చిత్రం చాలు.

దానం శ్రద్ధతోనే గాక బిడియంతోనూ చేయాలని తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లి బోధిస్తుంది. ఆ బిడియం ఇచ్చేవారిది కావాలి. పుచ్చుకొనే పెద్దలది కారాదు.