మరణకాలమును దెలుపు సూక్ష్మజీవులు

అనుమానాస్పదమైన శవము దొరకినపుడు విచారణాధికారులకు ముఖ్యముగా దెలియవలసినది, ఆ మనుష్యుడెప్పుడు చనిపోయెననునది. ఆ దినమును బట్టియే, నేరము మోపబడినవాడు అప్పుడెక్కడ నుండెనో విచారింతురు. కాలనిర్ణయము తప్పినయెడల నిర్దోషి శిక్షింపబడవచ్చును, దోషి తప్పించుకొనవచ్చును.

శరీరము చల్లబడుట, కండరములు బిగుసుకొనుట యను గుర్తులు మొదటి ఒకటి రెండు దినములు గడచిన పిమ్మట అంతగా ఉపయోగపడవు. తరువాత శవముపై నీగలు పెట్టిన గ్రుడ్లనుండి పుట్టిన పురుగుల వయస్సును లెక్కింతురు. కాని చలికాలమందును, మూసిన గదులయందును ఈగలు రాకపోవచ్చును. సూక్ష్మజీవులు లేని చోటు మాత్రము అరుదు.

మనము బ్రతికియున్నంతకాలము ప్రేగులలోని బాక్టీరియాలను శరీరము అదుపులో నుంచును. ప్రాణము పోయిన పిమ్మట ఆ కాపుదల యుండదు. రక్తప్రసారము నిలుచుటచే ప్రాణవాయువు తరిగిపోవును. అప్పుడు ప్రాణవాయువు అక్కరలేని జాతులు వృద్ధిపొంది, దుర్వాసనగల వాయువులను బుట్టించును, కడుపు ఉబ్బును. పిమ్మట చర్మము పగిలి, లోపలి ద్రవములు నేలలో నింకును. అందుచే నేలలో అమోనియా హెచ్చి, అచ్చటి సూక్ష్మజీవులును మారును. ఇట్లొక జాతి వెనుక మరియొక జాతి క్రమముగా వచ్చును. చర్మమునుండియు నేలనుండియు తీసిన నమూనాలలోని డి.యన్.ఎ.ను పరీక్షించి, ఈ క్రమములో నే దశ జరుగుచున్నదో కంప్యూటర్ల సహాయమున గుర్తింతురు.

అమెరికాలో జెస్సికా మెట్‌కాఫ్, రాబ్ నైట్ మొదలగు శాస్త్రజ్ఞులు చిట్టెలుకల కళేబరములను 48 దినములు పరిశీలించి, మరణకాలమును సుమారు 3 దినముల తేడాతో చెప్పవచ్చునని 2013లో ప్రకటించిరి. 2024లో వెలువడిన పరిశోధనలో, శాస్త్రమునకై దానము చేయబడిన 36 మానవ శరీరములను టెన్నెసీ, టెక్సస్, కొలరాడో రాష్ట్రములలో నేలపై నుంచి 21 దినములు పరీక్షించిరి. శీతోష్ణస్థితులు వేరైనను, కుళ్లుటకు కారణమగు ఒకే విధమైన సూక్ష్మజీవుల కూటమి మూడుచోట్లను గనబడెను.

ఐనను, వేడిమి హెచ్చినకొలది ఈ మార్పులు త్వరపడును, చలిలో మందగించును. కావున ఆయా స్థలముల వేడిమిని లెక్కకు దీసికొనక చెప్పిన కాలము నమ్మదగినది కాదు. ఇతర సాక్ష్యములతో సరిచూచుటయు అవసరమే.

విద్యార్థులారా, కుళ్లుటను మనమసహ్యించుకొందుము. అందును ఒక నియమము గలదని ఓపికతో కనుగొన్నందుననే, మాటలాడలేని మృతుని పక్షమునను, నిరపరాధి పక్షమునను ఒక సాక్ష్యము లభించుచున్నది.