పీసీఓఎస్: ఒక్క పరీక్షతో తేలదు

తమిళనాడులోని ఉడుమలైపేటలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆడపిల్లకు నెలసరి తప్పితే ఆ ఇళ్లలోనూ నేడు ముందుగా వచ్చే అనుమానం పీసీఓఎస్ (పాలిసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్). ప్రపంచంలో సంతాన వయసు స్త్రీలలో సుమారు పది మందిలో ఒకరికి ఈ సమస్య ఉంటుంది. లేనివాళ్లకు ఉందని చెప్పడం, ఉన్నవాళ్లకు తెలియకపోవడం రెండూ జరుగుతున్నాయి. నిర్ధారణ గురించిన అపోహలే ఇందుకు కొంత కారణం.

అపోహ: స్కాన్‌లో నీటి బుడగలు కనిపిస్తే పీసీఓఎస్ ఉన్నట్టే.

వాస్తవం: అవి గర్భసంచిలో ఉండవు, అండాశయాల్లో ఉంటాయి. నిజానికి తిత్తులు కూడా కావు, ఎదుగుదల మధ్యలో ఆగిపోయిన ఫాలికిల్స్ (అండాలు ఎదిగే చిన్న సంచులు). 1935లో షికాగో వైద్యులు స్టీన్, లెవెంతాల్ ఏడుగురు స్త్రీల అండాశయాలను తిత్తులున్నవిగా వర్ణించారు. ఆరోగ్యంగా ఉన్న యువతుల్లోనూ ఇవి కనిపిస్తాయి. అందుకే 2003లో రోటర్‌డామ్‌లో నిపుణులు మూడు లక్షణాలు పెట్టారు: నెలసరి సక్రమంగా రాకపోవడం, పురుష హార్మోన్ల ప్రభావం (అవాంఛిత రోమాల వంటివి), స్కాన్‌లో అండాశయాల తీరు. వీటిలో రెండు ఉండాలి. మొదటి రెండూ స్పష్టంగా ఉండి, వేరే జబ్బులు లేవని తేలితే పెద్దవాళ్లకు స్కాన్ అక్కర్లేదు.

అపోహ: ఏఎంహెచ్ ఎక్కువగా ఉంటే ఇక సందేహం లేదు.

వాస్తవం: ఈ హార్మోన్‌ను చిన్న ఫాలికిల్సే తయారుచేస్తాయి కాబట్టి పీసీఓఎస్‌లో అది పెరుగుతుంది. 2023 అంతర్జాతీయ మార్గదర్శకాలు పెద్దవాళ్లలో స్కాన్‌కు బదులుగా దీన్ని వాడవచ్చన్నాయి. అంటే మూడు లక్షణాల్లో ఒకదానికే ఇది సాక్ష్యం. పరీక్షించే పద్ధతిని బట్టి అంకె మారుతుంది, గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే తగ్గుతుంది.

అపోహ: పెద్దమనిషైన పిల్లకు నెలసరి తప్పితే వెంటనే స్కాన్ తీయించాలి.

వాస్తవం: మొదటి ఏడాది నెలసరి అటూ ఇటూ కావడం సహజం. మూడేళ్ల వరకు 45 రోజుల వ్యవధి కూడా మామూలే. ఆ తర్వాత 21 నుంచి 35 రోజులు ఉండాలి. రజస్వల అయిన ఎనిమిదేళ్ల వరకు నిర్ధారణకు స్కాన్ పనికిరాదు, కౌమారంలో ఏఎంహెచ్ కూడా అంతే. ఈ వయసులో నెలసరి తేడా, పురుష హార్మోన్ల ప్రభావం రెండూ ఉండాలి. పిల్లకు రజస్వల వేడుక చేసిన సంవత్సరం ఏ తల్లీ మరిచిపోదు. డాక్టరుకు ముందుగా చెప్పాల్సింది అదే.

అపోహ: ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ హార్మోన్ల నిష్పత్తి, ఇన్సులిన్ చూస్తేనే జబ్బు తేలుతుంది.

వాస్తవం: నిర్ధారణ లక్షణాల్లో ఈ రెండూ లేవు. అవాంఛిత రోమాలు స్పష్టంగా లేనప్పుడు చూడాల్సింది టెస్టోస్టిరాన్. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నప్పుడు ఆ ఫలితాన్ని నమ్మలేం. ఇక 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే పరీక్ష మధుమేహ ముప్పు తెలుసుకోవడానికి.

అపోహ: థైరాయిడ్ వంటి పరీక్షలు అనవసరపు ఖర్చు.

వాస్తవం: నెలసరి తప్పడానికి గర్భం, థైరాయిడ్, ప్రొలాక్టిన్ కారణం కావచ్చు. పుట్టుకతో వచ్చే ఒక అడ్రినల్ గ్రంథి లోపం అచ్చం పీసీఓఎస్ లాగే కనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే ఆ జబ్బు కలుగుతుంది కాబట్టి మేనరికాలున్న కుటుంబాల్లో దాని అవకాశం ఎక్కువ. 17-హైడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ పరీక్ష దాన్ని పట్టిస్తుంది. తల్లిదండ్రులది మేనరికమైతే ఆ మాట దాచకండి.

అపోహ: సన్నగా ఉన్నవాళ్లకు ఇది రాదు.

వాస్తవం: బరువు నిర్ధారణ లక్షణం కాదు. సన్నని స్త్రీలలోనూ ఉంటుంది.

ఆస్పత్రికి వెళ్లేటప్పుడు గత ఏడాది నెలసరి తేదీలు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. గొంతు బొంగురుపోవడం, రోమాలు కొద్ది నెలల్లోనే పెరిగిపోవడం జరిగితే పీసీఓఎస్ అనుకుని ఊరుకోకుండా వెంటనే వైద్యులను కలవండి.