వస్‌వసా వ్యాధిగా మారినప్పుడు

వుజూ కోసం కుళాయి దగ్గరకు వెళ్ళిన మనిషి అరగంటైనా తిరిగి రాడు. మోచేయి తడిసిందో లేదోనని మళ్ళీ కడుగుతాడు. మడమ పొడిగా మిగిలిందేమోనని మొదటినుంచి ప్రారంభిస్తాడు. ఈలోగా జమాఅత్ ముగిసిపోతుంది. ఇంటివారు మొదట ‘ఎంత శ్రద్ధ!’ అని మెచ్చుకుంటారు, కొన్నాళ్ళకు విసుక్కుంటారు, చివరకు ఎవరో ఏదో చేయించారని తావీజుల కోసం బయలుదేరుతారు. ఈ మూడింటిలో ఏదీ ఆ మనిషికి మేలు చేయదు.

సందేహం అందరికీ కలుగుతుంది. తలుపు తాళం ఒకసారి లాగి చూసుకోవడం వ్యాధి కాదు. వద్దనుకున్నా ఒకే ఆలోచన పదేపదే చొరబడటం, అది రేపే భయాన్ని అణచుకోవడానికి ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, వీటికే రోజులో గంటకు పైగా ఖర్చయిపోవడం లేదా చదువు, ఉద్యోగం, సంసారం దెబ్బతినడం – వైద్యులు ఓసీడీ అనేది దీనినే. కడిగిన వెంటనే కాస్త ఊరట కలుగుతుంది. అసలు చిక్కు ఆ ఊరటలోనే ఉంది. ‘కడిగాను గనుక గండం గడిచింది’ అని మెదడు నేర్చుకుంటుంది. మరుసటి పూట ఇంకొంచెం ఎక్కువ కడగమంటుంది.

కడగడం బయటికి కనిపిస్తుంది. కనిపించని బాధ ఇంకా లోతైనది. నమాజులో నిలబడగానే దైవదూషణ వంటి మాటలు మనసులో మెదులుతాయి. పసిబిడ్డను తానే గాయపరుస్తానేమోనన్న ఊహతో తల్లి ఇంట్లోని కత్తులన్నీ దాచేస్తుంది. ఇవి వారి కోరికలు కావు. తాము అత్యంత అసహ్యించుకునే విషయమే వారిని వెంటాడుతుంది. నోట పలకడానికే వెనకాడే ఆలోచనలు వస్తున్నాయని సహచరులు మొరపెట్టుకున్నప్పుడు దైవప్రవక్త (స) వారిని గద్దించలేదు. ఆ ఏవగింపు స్పష్టమైన విశ్వాసానికి గుర్తన్నారని సహీహ్ ముస్లిం గ్రంథంలో ఉంది. ఇలాంటి వారితో ‘నీ ఈమాన్ బలహీనం’ అనడం పుండు మీద కారం చల్లడమే.

ఇది పాశ్చాత్యులు కనిపెట్టిన కొత్త రోగమని కొందరి వాదన. క్రీ.శ. 934లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహానికీ మనసుకూ మేలు చేసే విషయాలపై రాసిన గ్రంథంలో కోపం, దుఃఖం, భయాలతో పాటు వస్‌వసాను కూడా ఒక ప్రత్యేక బాధగా వివరించాడు. మన వారసత్వాన్నే మనం పరాయిదంటున్నాం!

చికిత్సలో ముఖ్యమైనది మాటలతో, అభ్యాసంతో సాగేది. లండన్‌లో విక్టర్ మేయర్ 1966లో ప్రకటించిన పద్ధతి నుంచి ఇది ఎదిగింది. భయాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవాలి, దానిని తీర్చే పనిని మాత్రం ఆపాలి. వుజూ విషయంలో అయితే ఒక్కో అవయవాన్ని మూడుసార్లకు మించకుండా కడిగి, కుళాయి కట్టేసి, సందేహం సందేహంగానే ఉండగా నమాజుకు వెళ్ళడం. మొదట భయం పెరుగుతుంది, తర్వాత తనంతట తానే దిగుతుంది. ఈ పద్ధతికి, మన ఫిఖ్‌హ్‌కు పేచీ లేదు. నిశ్చయం అనుమానంతో రద్దు కాదన్నది ధర్మవేత్తల మూలసూత్రం. దైవప్రవక్త (స) ఒక ముద్ద్ నీటితో, అంటే సుమారు రెండు చేతుల దోసెడుతో, వుజూ ముగించేవారు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఒకే ప్రశ్నను నలుగురు ముఫ్తీలకు వేయడం, జవాబు విన్న గంటకే మళ్ళీ ఫోన్ చేయడం ధర్మ జిజ్ఞాస కాదు, అదీ వ్యాధి చేయించే పనే. తెలిసిన ఒక ఆలిమ్‌ను ఎంచుకుని, ఒక్కసారి అడిగి, అక్కడితో ఆపాలి. ఆ ఆలిమ్, వైద్యుడు పరస్పరం మాట్లాడుకోగలిగితే మరీ మంచిది.

ఇంట్లో ముఫ్తీ పాత్ర తల్లిది. “అమ్మీ, నా చేతులు పాక్ అయ్యాయా?” అని బిడ్డ ఇరవైసార్లు అడుగుతుంది, ఇరవైసార్లూ ‘అయ్యాయి బేటా’ అంటుంది తల్లి. ప్రేమతో చెప్పే ఆ జవాబే వ్యాధికి మేత. అలాగని ఒక్కరోజులో కసిరి ఆపకూడదు. బిడ్డకు ముందే చెప్పి, వైద్యుని సలహాతో జవాబులను క్రమంగా తగ్గించాలి. “ఇది నీ వ్యాధి అడిగే ప్రశ్న, దీనికి జవాబివ్వను. నీ పక్కనే కూర్చుంటాను” అనవచ్చు. తన భయం అర్థం లేనిదని చిన్నపిల్లలకు తెలియకపోవచ్చు. పగిలి ఎర్రబడిన చేతులు, చెరిపి చెరిపి చిరిగిన నోటుపుస్తకం వారి తరఫున చెబుతాయి. జుట్టు పీక్కోవడం, చర్మం గిల్లుకోవడం ఈ కుటుంబానికే చెందిన వ్యాధులు. వాటికి చికిత్స వేరుగా ఉంటుంది.

తీవ్రత ఎక్కువైతే ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రాలిన్ వంటి మందులు తోడవుతాయి. ఇవి వ్యసనం కావు. గుణం తెలియడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది గనుక రెండు వారాలకే మానేయకూడదు, తగ్గాక కూడా సొంతంగా ఆపకూడదు. రమజాన్‌లో మోతాదును ఇఫ్తార్‌కో సహరీకో మార్చడం గురించి వైద్యుని ముందుగానే అడగాలి.

హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి. ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో లభిస్తుంది. మాట్లాడేటప్పుడు ‘శుభ్రం ఎక్కువ’ అని ఊరుకోకుండా, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని గంటలు, ఎప్పటినుంచి అన్నది లెక్కగా చెప్పండి.