పరుగునకు ముందు నిలుపుదల

బనగానపల్లె నుండి ఒక యువకుడు మాకు జాబు వ్రాసినాడు. ఆతని తాతగారు 1972లో కొనిన ఫియట్ కారు, ఇంటి వెనుక నాపరాతి కొట్టములో చాలకాలముగా కదలక నిలిచియున్నదట. దానిని బాగుచేయించి, మద్రాసు చేరువనున్న మోటారు ట్రాక్‌మీద నడుపవలెనని ఆతని ఆశ. ఇంజను బలమును ఎట్లు పెంచవలెనో చెప్పుడని అడిగినాడు. చివర ఒక మాట చేర్చినాడు: “మా అమ్మ ఒప్పుకొనుట లేదు. ఆమె ప్రతిదినము మీ కార్యక్రమములు వినును. ఆమెకు నమ్మకము కలుగునట్లు చెప్పుడు.” కనుక ఈ ప్రసంగము ఆ తల్లీకొడుకులు ఇరువురి కొరకును.

ముందుగా తల్లిగారి సందేహమును తీర్చవలెను. ట్రాక్ డే అనునది పందెము కాదు. కార్ల యజమానులు రుసుము చెల్లించి, ఎదురు బండ్లు, పశువులు, పాదచారులు లేని మూసిన బాటమీద తమ వాహనమును తామే నడుపుకొను దినమది. అనుభవమునుబట్టి జట్లుగా విభజించి, కొద్ది నిమిషముల వంతులుగా వదలుదురు. జెండాలు చూపువారును, వైద్యసహాయమును సిద్ధముగా నుందురు. అక్కడ గెలుపు లేదు, బహుమతి లేదు. తన బండి ఎంతవరకు ఓర్చునో, తన చేతికి ఎంత నేర్పున్నదో తెలిసికొనుటయే ప్రయోజనము. నంద్యాల రహదారిమీద రాత్రివేళ వేగమును పరీక్షించుటకంటె ఇది వేయిరెట్లు మేలు. బహిరంగ స్థలములలో ప్రభుత్వానుమతి లేకుండ వేగపు పోటీలు జరుపుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము శిక్షార్హమైన నేరము.

“ఫియట్ కారు స్పోర్ట్స్ కారగునా?” అని కొందరు నవ్వవచ్చును. ఇతర దేశములలో ఆ పేరు వినగానే రెండు సీట్లు, పొట్టి ఆకారము, పెద్ద ఇంజను గుర్తునకు వచ్చును. మన దేశములో దిగుమతులకు ఆంక్షలున్న దశాబ్దములలో అట్టి కార్లు మిక్కిలి అరుదు. ఉన్నవానితోనే మనవారు పరుగు నేర్చినారు. మద్రాసునకు ఉత్తరమున, నెల్లూరు నుండి పోవు దారిలో, షోళవరము అను చోట రెండవ ప్రపంచయుద్ధకాలపు విమానాల బాట ఒకటి నిరుపయోగముగా మిగిలినది. 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు అచ్చట పందెములు నడిపినారు. ఇంటికి కూరగాయలు తెచ్చు ఫియట్లు, హెరాల్డులే కొద్దిపాటి మార్పులతో ఆ బాటమీద పరుగెత్తినవి. తరువాత ఆ క్లబ్బువారే శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో సుమారు 3.7 కిలోమీటర్ల ట్రాక్ నిర్మించి, 1990లో ప్రారంభించినారు. మన యువకుడు పోదలచినది అక్కడికే.

ఈ సందర్భమున కరివర్ధన్‌గారిని తలచుకొనవలెను. కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు నాయుడు కుటుంబములలో, లక్ష్మీ మిల్సు వారింట, 1954లో ఆయన జన్మించినారు. ఖరీదైన విదేశీ ఇంజను కొరకు ఆయన ఎదురు చూడలేదు. 796 సీసీల చిన్న మారుతి ఇంజనును తీసికొని, ఒకే మనిషి కూర్చుండు పందెపు కారును తయారుచేసినారు. ధర తక్కువగుటచే పలువురు యువకులకు అది అందుబాటులోనికి వచ్చినది. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించినారు. కోయంబత్తూరు వెలుపలనున్న కరి మోటార్ స్పీడ్‌వే ఆయన జ్ఞాపకార్థము వెలసినది. ఫార్ములా మారుతి పోటీలతో తన ప్రస్థానము మొదలుపెట్టిన నరేన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన తొలి భారతీయుడైనాడు. పెద్ద ఇంజనుతోనే పెద్ద విద్య రాదని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనమేల?

ఇక అసలు విషయము. మన సీమలో తిరునాళ్ళకు బండలాగుడు పోటీలు జరుగును. పందెమునకు ఎద్దులను దింపు రైతు ముందుగా చెర్నాకోల వెదకడు. గిట్టలు చూచును, మెడ తడవి చూచును, దాపట వలపట ఎద్దులు సమముగా అడుగు వేయుచున్నవో లేదో చూచును. పాత కారు విషయములోను క్రమము ఇదియే. మొదట నిలుచుట, పిదప చల్లగా నుండుట, ఆ పిదప బాటను పట్టుకొనుట. ఈ మూడును కుదిరిన తరువాతనే బలము మాట.

నిలుపుదల ఎంత పనియో చూడుడు. వేగము రెట్టింపైనచో కారులోని చలనశక్తి నాలుగు రెట్లగును. మనిషితో కలిసి 950 కిలోల బరువుగల కారు గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచున్నదనుకొనుడు. దానిని బ్రేకు వేసి పూర్తిగా నిలిపినచో పుట్టు వేడిమి, 30 డిగ్రీల వేడిగల లీటరు నీటిని మరిగించుటకు చాలి ఇంకను మిగులును. ఊరిలో ఇట్టి అవసరము ఎప్పుడో ఒకసారి వచ్చును. ట్రాక్‌మీద ప్రతి చుట్టులోను పలుమార్లు గట్టిగా బ్రేకు వేయవలసి యుండును. ఒకసారి పుట్టిన వేడి చల్లారకముందే మరియొకసారి పొయ్యి రాజుకొనుచున్నదన్నమాట.

ఆ కాలపు ఫియట్‌కు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించినప్పుడు లోపలి షూలకు దూరముగా జరుగును. షూల రాపిడి పట్టు కూడ తగ్గును. కాలికింద పెడలు లోతునకు దిగిపోవును. దీనికి తోడు బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము కలది. కొత్త డాట్ 3 ఆయిలు కనీసము 205 డిగ్రీల వరకు మరుగదు. కాలక్రమమున నీరు చేరినచో 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన ఆయిలులో ఆవిరి బుడగలు పుట్టును. ఆవిరి నొక్కుకొనిపోవును గాని ఒత్తిడిని చక్రమునకు అందించదు. పెడలు నేలను తాకినను కారు ఆగదు. కనుక మొదటి రూపాయి ఇక్కడ ఖర్చు పెట్టవలెను. మాస్టరు సిలిండరు, చక్రముల సిలిండర్లు విప్పించి రబ్బర్లు మార్పించవలెను. డ్రమ్ములు గుండ్రముగా ఉన్నవో లేవో లేతుమీద పరీక్ష చేయించి, కొత్త షూలు వేయించవలెను. పాత ఆయిలు పూర్తిగా తీసి, కనీసము 230 డిగ్రీలవరకు ఓర్చు కొత్త డాట్ 4 ఆయిలు పోయించి, గాలి తీయించవలెను. వంతు ముగిసి కారు నిలిపిన తరువాత హ్యాండు బ్రేకు లాగరాదు. వేడిమీదనున్న షూలు డ్రమ్మునకు అతుక్కొనవచ్చును. చక్రమునకు రాయి పెట్టిన చాలును.

రెండవది చల్లదనము. బనగానపల్లెవారికి ఇది ప్రత్యేకించి చెప్పవలసిన మాట. వారి ఇండ్లకు నేలయై, గోడయై, కొన్నిచోట్ల కప్పుగా కూడ పరచుకొనిన నాపరాయి సున్నపు రాయియే. ఆ రాళ్ళ పొరలలో ఊరిన నీరు సహజముగా చవ్వనీరు. నీరు కాచు గిన్నె అడుగున తెల్లని పొర కట్టుట గృహిణులు ఎరిగినదే. బావినీరు పోసిన రేడియేటరు సన్నని గొట్టములలోను, ఇంజను లోపలి దారులలోను అదే పొర పేరుకొనును. అది వేడిని బయటికి పోనీయదు. వేసవిలో 40 డిగ్రీలు దాటు మన ఎండలో అట్టి కారు ట్రాక్‌మీద రెండు చుట్లయినను తట్టుకొనజాలదు. రేడియేటరు విప్పించి శుభ్రము చేయించి, ఇక మీదట డిస్టిల్డు వాటరులో కూలెంటు కలిపి మాత్రమే పోయవలెను. వేడి ఎక్కువనుచు థర్మోస్టాటును తీసివేయు అలవాటు మన మెకానిక్కులలో కలదు. కొన్ని ఇంజనులలో అది లేనప్పుడు నీటిలో కొంత భాగము రేడియేటరు చేరకుండనే తిరిగి ఇంజనులోనికి పోవును. తీసివేయుటకంటె మంచిది వేయుటయే మేలు. నీటి పంపు, ఫ్యాను బెల్టు, గొట్టములు కొత్తవి కావలెను.

మూడవది బాటమీద పట్టు. టైరు మీది గీతలు లోతుగా కనిపించినంత మాత్రమున అది మంచిదనుకొనరాదు. నిలిచియున్న రబ్బరు కూడ ముదురును. టైరు పక్కన ముద్రించిన నాలుగు అంకెలు చూడుడు. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారములో తయారైనదని అర్థము. వెనుక కమాను పట్టీల బుష్షులు, షాకబ్సార్బర్లు, టై రాడ్ ఎండ్లు, చక్రముల బేరింగులు ఒక్కొక్కటిగా పరీక్షింపవలెను. స్టీరింగు చక్రములో కొద్దిపాటి వదులు ఊరిలో తెలియదు. మలుపులో అదే ప్రాణము మీదికి తెచ్చును.

రబ్బరు మాట వచ్చినది గనుక పెట్రోలు సంగతియు చెప్పవలెను. మన పెట్రోలులో 20 శాతము ఎథనాలు కలుపుట 2025 నాటికి దేశమంతట వ్యాపించినది. 1972 నాటి కారులోని రబ్బరు గొట్టములు, గాస్కెట్లు దానికొరకు చేసినవి కావు. అవి ఉబ్బి, పగిలి, వేడి ఇంజనుమీద పెట్రోలు కారినచో మంటలు పుట్టును. ఎథనాలునకు తగిన కొత్త గొట్టములు వేయించుట తప్పనిసరి. ఎథనాలులో ఆక్సిజను ఉండుటచే పాత కార్బ్యురేటరు అమరికలో మిశ్రమము పలుచనై ఇంజను మరింత వేడెక్కవచ్చును. జెట్టు కొంచెము పెద్దది చేయించుకొనవలెను. కారును మరల నెలల తరబడి నిలుపదలచినచో ట్యాంకు ఖాళీ చేయుట మంచిది. ఎథనాలు తేమను లాగి తుప్పు పట్టించును.

ఇన్ని అయిన పిమ్మట ఆ యువకుని ప్రశ్న: బలమెట్లు పెంచుట? సిలిండరు హెడ్డు అరగదీసి ఒత్తిడి పెంచుట, గాలి పోవు దారులు నునుపు చేయుట, పెద్ద కార్బ్యురేటరు అమర్చుట, క్యాము షాఫ్టు మార్చుట, ఇవి షోళవరము నాటినుండి తెలిసిన మార్గములే. కాని ప్రతిదానికిని వెలయున్నది. ఒత్తిడి మితిమీరినచో ఇంజను లోపల తట్టుడు మొదలై పిస్టన్లు దెబ్బతినును. నిమిషమునకు 5000 చుట్లు తిరుగు ఇంజనును 6000 చుట్లు తిప్పినచో, వేగము పెరుగునది 20 శాతమే గాని పిస్టను రాడ్లమీద పడు జడత్వపు లాగుడు 44 శాతము పెరుగును. అర్ధశతాబ్దము దాటిన లోహమునకు ఇది చిన్న పరీక్ష కాదు. మలుపులలో ఇంజను ఆయిలు తొట్టిలో ఒక ప్రక్కకు ఒరిగి, పంపు నోటికి అందక, బేరింగులు క్షణములో మాడిపోవుటయు కలదు. ఆయిలు తొట్టిలో అడ్డుపలకలు అతికించుట, గీతవరకు ఆయిలు నిండుగా నుంచుట దీనికి మందు.

చట్టము మాటయు మరువరాదు. వాహనమును తయారీదారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా మార్చరాదని మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీంకోర్టును దీనినే ధ్రువపరచినది. మరియొక విశేషము. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారము, తొలి రిజిస్ట్రేషను నుండి 50 సంవత్సరములు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో చెప్పుకోదగిన మార్పు లేని స్వంత వాహనమును వింటేజి వాహనముగా నమోదు చేసికొనవచ్చును. తాతగారి కారునకు ఆ వయసు వచ్చినది. ఇంజను మార్చినచో ఆ గౌరవము పోవును. కావున నా సలహా ఇది. బ్రేకులు, రేడియేటరు, టైర్లు, గొట్టములు బాగుచేయించుము. వీనివలన కారు స్వరూపము మారదు. ఇంజనును మాత్రము 1089 సీసీలతో, సుమారు 40 గుర్రముల బలముతో, ఉన్నదున్నట్లు ఉంచుము. తీసిన పాత భాగములను పారవేయక గుడ్డలో చుట్టి దాచుము. బలము తక్కువైన కారు మలుపులో పోగొట్టుకొనిన వేగమును తేలికగా తిరిగి తెచ్చుకొనలేదు. అందుచే నడుపువానికి చక్కని గీత పట్టుట, ముందుగా చూచుట, మెత్తగా బ్రేకు వేయుట నేర్పును. ఆ విద్య పెద్ద ఇంజను నేర్పదు.

బాటమీదికి పోవు ఉదయమున చేయవలసినవి కొన్ని. చక్రముల నట్లు బిగింపు చూడుము. బ్యాటరీ కదలకుండ కట్టుము. జాకీ, పనిముట్లు, సీసాలు కారులోనుండి తీసివేయుము. ఆ కారునకు సీటు బెల్టులు లేకున్నచో, తుప్పు లేని చోట మందపాటి ఇనుప బిళ్ళలు అడుగున పెట్టి గట్టిగా అమర్పించుము. హెల్మెట్టు, నిండుగా కప్పు నూలు బట్టలు, చేతికందునట్లు అగ్నిమాపక సీసా ఉండవలెను. చివరి చుట్టు మెల్లగా నడిపి బ్రేకులను, ఇంజనును చల్లారనిమ్ము. ఇంటికి వచ్చి ఏమి వేడెక్కినది, ఏమి వదులైనది ఒక పుస్తకములో వ్రాసికొనుము.

ఇక తల్లిగారికొక మనవి. అమ్మా, మీ అబ్బాయి “ఎంత వేగము పోగలదు?” అని చెప్పవచ్చినప్పుడు మీరు వినకుడు. “ఎంతలో ఆగును?” అని అడుగుడు. పెడలు గట్టిగా ఉన్నదో లేదో మీ కాలితోనే నొక్కి చూడుడు. టైరు మీది నాలుగు అంకెలు చదివించుడు. రేడియేటరులో ఏ నీరు పోసితివని అడుగుడు. ఈ మూడింటికి తడుముకొనక జవాబు చెప్పినచో ఒప్పుకొనుడు. చెప్పలేకున్నచో, కారు ఇంకొక ఏడాది కొట్టములోనే యుండనిండు. ఇంతకాలము నిలిచిన బండికి మరియొక ఏడాది భారము కాదు.